అరువు ఊపిరి

బాలశౌరి గని బస్సు దిగి ఇంటికొచ్చే దారిలో ఆగి ఆగి వస్తున్నాడన్న సంగతి అక్కమ్మకు మొదట చెప్పింది కిళ్లీకొట్టు మేరమ్మ.

"మీ ఆయన రోజూ నా కొట్టు దగ్గర నిలబడుతున్నాడే. ఏమీ కొనడు. గుంజ పట్టుకుని కాసేపుండి పోతాడు. ఏదన్నా అరువు అడగడానికి మొహమాటపడుతున్నాడేమో అనుకున్నా" అంది.

అక్కమ్మ నవ్వేసి ఊరుకుంది. ఆ సాయంత్రం మాత్రం రాజుపేట సందు మలుపులో నిలబడి చూసింది. బోసుబొమ్మ సెంటర్లో బస్సు దిగినవాళ్ళంతా టిఫిను క్యారేజీలు ఊపుకుంటూ ముందు వచ్చేశారు. బాలశౌరి ఒక్కడే వెనకబడ్డాడు. కొట్టు గుంజ దగ్గర ఆగాడు. మళ్ళీ కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. ఆగినప్పుడల్లా సెల్లు తీసి, ఎవరో ఫోన్ చేసినట్టు దానివంక చూశాడు. అతని భుజాలు మాత్రం బావిలోంచి తోడుతున్న మనిషి భుజాల్లా పైకీ కిందికీ కదులుతున్నాయి.

అక్కమ్మ అతని కంటే ముందు ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. చూసినట్టు చెప్పలేదు.

తిరువూరు నుంచి సరిహద్దు దాటితే తెలంగాణ. అక్కడ ఓపెన్‌కాస్టు బొగ్గు గని ఉంది. బొగ్గు మీదున్న రాతిని పేల్చి ఎత్తిపోసే పనిని కాంట్రాక్టు కంపెనీలు చేస్తాయి. పేల్చబోయే ముందు రాతిలో లోతుగా గుంతలు తొలిచే డ్రిల్లు మీద బాలశౌరి పని. కూలికి పోయి వరినాట్లు, పత్తితీతలు చూసుకునే ఇంట్లో పుట్టినవాడికి అది నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడే ఉద్యోగం. కూతురు లిడియా బెజవాడలో నర్సింగు చదువుతున్నదంటే ఆ డ్రిల్లు చలవే.

బొగ్గు గనికి పోయేవాడు నల్లగా తిరిగొస్తాడని పెళ్ళైన కొత్తలో అనుకునేది అక్కమ్మ. బాలశౌరి తెల్లగా వచ్చేవాడు. కనుబొమ్మల మీదా, చెవి మడతల్లోనూ పిండి జల్లినట్టు రాతి పొడి. దుమ్ము లేవకుండా డ్రిల్లుకు నీళ్ళు పట్టాలి. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజులకంటే రాని రోజులే ఎక్కువని అతను ఒకసారి నవ్వుతూ చెప్పాడు. చొక్కా ఉతికితే బకెట్టు అడుగున ముగ్గులా పేరుకునేది. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు పారబోయడమే తప్ప, అదే పొడి మనిషి లోపల కూడా ఎక్కడో పేరుకుంటుందన్న ఆలోచన ఆమెకు రాలేదు.

ఆ ఎండాకాలం కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కంపెనీ పాత మనుషుల్నే పెట్టుకుంటామంది గానీ, అందరికీ మళ్ళీ మెడికల్ చేయాలంది. కళ్ళు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదే ఊపిరి పరీక్ష. పాసైనవాళ్ళకే గేటు పాసు. ఈ వైపు మనుషులకు తిరువూరు బస్టాండు వెనక ల్యాబులో ఏర్పాటు చేశారు.

బాలశౌరి ఆ మాట మామూలుగానే చెప్పి పడుకున్నాడు. తెల్లారి దుప్పటి మడతపెడుతుంటే మంచం కింద ఎర్ర బుడగ ఒకటి దొరికింది అక్కమ్మకు. పిల్లల పుట్టినరోజులకు కట్టే బుడగ. మూతి దగ్గర తడిగా ఉంది. నిమ్మకాయంత కూడా ఉబ్బినట్టు లేదు.

ఆమె ఆ బుడగను కొంగున ముడేసుకుని తమ్ముడింటికి వెళ్ళింది.

జోజిబాబు బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. పెళ్ళి ఊరేగింపు ఈ వీధిలో ఎత్తుకుంటే ఊరు దాటేదాకా మూతి మీంచి దించడని అతనికి పేరు. వయసులో బావకంటే చిన్నవాడే గానీ, ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే రకం మీసం.

"నువ్వు మీ బావ పేరు చెప్పి ఊదిరా" అంది అక్కమ్మ.

జోజిబాబు అర్థంకానట్టు చూశాడు. అర్థమయ్యాక గుమ్మం వైపు చూశాడు.

"పట్టుకుంటే అక్కా?"

"ఎవరు పట్టుకుంటారు? అక్కడ సంతలాగా జనం ఉంటారంట. ఆధార్ కార్డులో ఫోటో ఎవరిది మాత్రం వాళ్ళలా ఉంటుంది?"

"బావేమన్నాడు?"

"ఆయనకు తెలీదు. నేను చెప్తాలే."

"బావకు ఒంట్లో బాలేకపోతే డాక్టరుకు చూపించాలి గదక్కా" అన్నాడు జోజిబాబు.

"చూపిస్తా. ముందు పాసు రానీ."

అలా ఆమే అడిగింది. ఆమెతో ఎవరూ అడిగించలేదు.

బాలశౌరికి ఆ మాట చెప్పింది. అతను ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికెళ్ళిపోయాడు.

ల్యాబు దగ్గర ఆమె అనుకున్నట్టే జనం కిక్కిరిసి ఉన్నారు. జోజిబాబు బావ కార్డు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అక్కమ్మ ఇంటి మనిషిలా బెంచీ మీద కూర్చుంది. అంతా సాఫీగానే సాగుతున్నదనుకునేంతలో లోపల్నుంచి పేర్లు పిలుస్తున్న మనిషి గుమ్మంలోకి వచ్చాడు.

ఆమె అతన్ని గుర్తుపట్టింది. అతను కృపానందం. పాత కాంట్రాక్టులోనూ మనుషుల్ని చూసుకునే సూపర్‌వైజరు అతనే. బాలశౌరిని పనిలో పెట్టించింది అతనే. బాలశౌరి ముఖం అతనికి తన చేతి గీతలంత బాగా తెలుసు.

కృపానందం కార్డు అందుకున్నాడు. జోజిబాబు ముఖంలోకి చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు. తర్వాత తల తిప్పి, బెంచీ మీదున్న అక్కమ్మను చూశాడు. తొందరేమీ లేదు అతనికి. నెమ్మదిగా నవ్వాడు.

"రా బాలశౌరీ. నీ వంతే" అన్నాడు.

లోపల ల్యాబు అమ్మాయి "ఊదండి, ఇంకా, ఇంకా" అంటుంటే జోజిబాబు ఆమె చాలని చెప్పేదాకా ఊదాడు. మిషను వంక చూసి ఆ అమ్మాయి ఆశ్చర్యపోవడం తలుపు సందులోంచి అక్కమ్మకు కనిపించింది. "మీరు సిగరెట్లు తాగరా అంకుల్?" అని అడిగింది. ఆ పక్కనే గోడకానుకుని నిలబడ్డ కృపానందం, "మావాడు చాలా పద్ధతైన మనిషమ్మా" అన్నాడు.

బాలశౌరికి గేటు పాసు వచ్చింది.

ఆ ఆదివారం గుడిలో పూజ అయ్యాక కృపానందం వాళ్ళింటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. జోజిబాబు కూడా అక్కడే ఉన్నాడు.

"చెల్లెమ్మా, మీ తమ్ముడిది బంగారంలాంటి ఊపిరి. ఆ ఊపిరి ఒక్క ఇంటికే ఉపయోగపడితే ఏం లాభం చెప్పు? ఇంకా ఇద్దరున్నారు. పిల్లలు గలవాళ్ళు. మన అంతోనయ్య ఒకడు, గంపలగూడెం ఆదిశేషయ్య ఒకడు. అంతోనయ్య కుర్రాడే, భయస్తుడు, అంతే."

"మళ్ళీనా అండి?" అన్నాడు జోజిబాబు. "ఆ అమ్మాయి గుర్తుపట్టదా?"

"ఆ రోజు వేరే అమ్మాయి ఉంటుందిలే." కృపానందం చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. "బలవంతం లేదు జోజీ. నీ ఇష్టం. బాలశౌరి గేటు పాసు మీద నా సంతకమే ఉంది, అందుకని చెబుతున్నా."

అతను వెళ్ళాక అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ వారంలోనే జోజిబాబు మరో రెండు పేర్లతో పిలిస్తే పలికాడు, రెండు పేర్లతోనూ ఊదాడు, చొక్కా విప్పి ఎక్స్‌రే పలకకు రొమ్ము ఆనించాడు.

వానలు పడ్డాయి. బాలశౌరి పనికి పోతూనే ఉన్నాడు. ఆర్‌ఎంపీ డాక్టరు మొదట కఫానికి సిరప్పు ఇచ్చాడు, తర్వాత టీబీ అయ్యుంటుందన్నాడు. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. అయినా ఏవో మాత్రలు మింగించాడు. వాటికి ఆకలి పోయింది గానీ దగ్గు పోలేదు. చలికాలం వచ్చేసరికి బాలశౌరి వెల్లకిలా పడుకోవడం మానేశాడు. గోడకు దిండు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. నిద్రలో అతని ఊపిరి, చెక్క మీద గరుకు కాగితం రుద్దుతున్నట్టు వినపడేది. అక్కమ్మ ఆ చప్పుడుకు అలవాటుపడి, అది కాస్త తగ్గితే చాలు ఉలిక్కిపడి లేచేది.

మానెయ్యమంటే అతను వినేవాడు కాదు. "ఇప్పుడు మానేస్తే ఎందుకు మానేశానో చెప్పాలి" అనేవాడు. "పాసైనవాడికి ఆయాసం ఎందుకొచ్చిందంటే ఏం చెప్పను?"

ఒక మధ్యాహ్నం జోజిబాబు బ్యాండు డ్రెస్సులోనే, భుజాన ట్రంపెట్ పెట్టెతో వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఎర్రకోటు, దాని మీద జరీ. నడుము దగ్గర చెమటకు తడిసిపోయి ఉంది.

"గంపలగూడెంలో శవం ముందు వాయించడానికి పిలిచారక్కా. ఎవరో అడగలేదు నేను. మనకెందుకు, మేళానికి రమ్మన్నారు, పోయాం. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పేరు చూశా."

అక్కమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"ఆదిశేషయ్య" అన్నాడు జోజిబాబు. "నాకు ఆ మనిషి ముఖం తెలీదు. ఇవాళే మొదటిసారి చూడటం. ఫ్లెక్సీలో పూలదండ వేసుకుని ఉన్నాడు."

"ఏమైందంట?"

"ఆయాసం అన్నారు. ఆరోగ్యంగానే ఉండేవాడు, మొన్న మెడికల్లో కూడా పాసయ్యాడు, ఇంతలోకే ఏమొచ్చిందో తెలీలేదని వాళ్ళావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడుస్తా ఉంది." అతను రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నేను వాయించలేకపోయి ఉంటే బాగుండేది. కట్టలేరు వాగు దాకా ఆపకుండా వాయించాను. బాగానే వాయించాను."

లోపల మంచం మీద గోడకానుకుని కూర్చున్న బాలశౌరి ఇదంతా విన్నాడు. కాసేపటికి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అన్నాడు: "ఆదిశేషయ్యది నా పక్క డ్రిల్లే. ట్యాంకరు రాకపోతే ఇద్దరం తువాలు కట్టుకునేవాళ్ళం."

గది నిండా ఆ గరుకు చప్పుడే.

బాలశౌరి చివరికి గనిలోనే పడిపోయాడు. డ్రిల్లు మీదనుంచి దిగబోయి మెట్టు మీదే కూర్చుండిపోయాడట. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయట. షిఫ్టు బస్సులో వెనక సీట్ల మీద పడుకోబెట్టి తెచ్చారు. అక్కమ్మా జోజిబాబూ అదే ఊపున కారు మాట్లాడుకుని బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, దాన్ని చూడకముందే అడిగాడు. "ఈయన ఏం పనిచేస్తాడమ్మా?"

చెప్పింది.

ఫోటో చూశాక ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. టీబీ కాదన్నాడు. డ్రిల్లు నుంచి లేచిన రాతి పొడి ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి, అది ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టిందన్నాడు. ఇది పోయేది కాదు, ఇంకా పెరగకుండా చూసుకోవడమే, ఆక్సిజన్ కూడా కావాల్సి ఉంటుంది అన్నాడు. "ఇది గని పని వల్ల వచ్చిన జబ్బు. చట్టం ప్రకారం పరిహారం రావాలి, వైద్యం ఖర్చూ వాళ్ళే పెట్టుకోవాలి. దరఖాస్తు పెట్టుకోండి. పనిలో పెట్టుకునేప్పుడు మెడికల్ చేసే ఉంటారుగా? అందులో ఎలా వదిలేశారు దీన్ని?"

అక్కమ్మ కళ్ళు దించుకుంది. జోజిబాబు వరండాలోకి వెళ్ళిపోయాడు.

లిడియా దరఖాస్తు రాసి పంపింది. దానికి జవాబు రాకముందే కృపానందం వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఒకటి ఒలిచి, తొనలు విడదీసి, బాలశౌరి అరచేతిలో పెట్టాడు.

"నీ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుందయ్యా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో నిజంగానే బాధ ఉన్నట్టనిపించి అక్కమ్మకు మరింత భయమేసింది.

గుమ్మం దాకా సాగనంపబోతే ఆమెతో మెల్లిగా అన్నాడు. "దరఖాస్తు పెట్టారంట. మంచిదే. జబ్బు గనిదో కాదో తేల్చే మెడికల్ బోర్డువాళ్ళు పిలుస్తారు. కంపెనీ తరఫున మెడికల్ అప్పటి ఎక్స్‌రే ఫిలిం పెడతారు. అది అద్దంలా ఉంటుంది, నీకు తెలుసు గదా. ఏడాది కింద అద్దంలా ఉన్న ఛాతీ ఇంతలోకే ఇలా ఎందుకవుతుంది, గనికి సంబంధం లేదంటారు. కాదనాలంటే ఆ ఫిలిం ఎవరిదో నువ్వు చెప్పాలి."

అక్కమ్మ వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది.

"చెప్పొచ్చు. తప్పేం లేదు. మనిషికి మనిషిని మార్చడమంటే పోలీసు కేసే. ముందు జోజి. తర్వాత వాడిని పంపినదానివి నువ్వు. పాపం, అంతోనయ్య పని కూడా పోతుంది. మొన్ననే రెండో పిల్ల పుట్టింది వాడికి." చెప్పులేసుకున్నాడు. "ఆలోచించుకో చెల్లెమ్మా. మిగతా బత్తాయిలు రసం తీసి ఇవ్వు, బలం."

అతను పోయాక ఆమె ఆ పళ్ళు తీసుకుపోయి మురిక్కాలవలో పారేసింది. ఆ పని చేయడానికి మాత్రమే ఆమెకు ధైర్యం చాలింది.

బోర్డు ఖమ్మంలో పిలిచింది. ప్రభుత్వ ఆఫీసు, పైఅంతస్తు. లిఫ్టు లేదు. జోజిబాబు బావను వీపు మీద మోసుకుని మెట్లెక్కాడు. ఎక్కుతూ ఒక్కసారి కూడా ఆగలేదు, రొప్పలేదు. వెనకాల చెప్పులు పట్టుకుని వస్తున్న అక్కమ్మకు ఒక ఊపిరి గరగరా, ఇంకొక ఊపిరి నిండుగా వినిపించాయి.

గదిలో బోర్డు తరఫున డాక్టర్ నీహారిక ఉంది. కంపెనీ తరఫున జగన్నాథరావు అనే వకీలు. గోడవారన కుర్చీలో కృపానందం, ఒళ్ళో సంచి పెట్టుకుని, ఎవరింటికో పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా.

డాక్టరమ్మ వెలుగు పెట్టె మీద రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టింది. ఒకటి బెజవాడది. అందులో ఊపిరితిత్తుల నిండా తెల్లటి మచ్చలు, వడగళ్ళు పడ్డట్టు. రెండోది తిరువూరు ల్యాబుది. నల్లగా, శుభ్రంగా, నిండుగా ఉంది. అక్కమ్మ ఆ నల్లటి ఛాతీ వంక చూసింది. చిన్నప్పుడు తను చంకనేసుకుని తిప్పిన పిల్లవాడి ఛాతీ అది.

"ఈ రెండోది కూడా మీదేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాదేనమ్మా" అన్నాడు బాలశౌరి.

"బాగా చూసి చెప్పండి."

"నాదే."

జగన్నాథరావు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "చూశారుగా మేడమ్. అప్పటికి పూర్తి ఆరోగ్యంగా ఉన్నాడు. తర్వాత బయట ఏదో ఇన్ఫెక్షన్..."

డాక్టరమ్మ అతని మాట పట్టించుకోలేదు. పెన్ను మొనతో ఫిలిం మీద పక్కటెముకల వరస చూపించింది. "మచ్చలు రావచ్చు. ఎముకలు ఏడాదిలో మారవండి. గుండె ఆకారం వేరు, కాలర్ బోన్ వేరు. ఇవి ఒక మనిషివి కావు." కుర్చీలో ముందుకు వంగి బాలశౌరిని చూసింది. గొంతు పెంచలేదు. "ఈ ఫిలిం మీదేనంటే మీ దరఖాస్తు ఇవాళే కొట్టేయాల్సి వస్తుంది. కాదంటే ఎవరిదో చెప్పాలి. ఎవరిది బాలశౌరి గారూ?"

బాలశౌరి ఊపిరి కూడదీసుకున్నాడు. దానికి చాలాసేపు పట్టింది. గదిలో అందరూ ఆ మాట కోసం కాచుకున్నారు.

"నాదేనమ్మా" అన్నాడు మళ్ళీ.

అప్పుడు అర్థమైంది అక్కమ్మకు. అతను ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు. తనకు రావలసినదాన్ని వదిలేసుకుని, బావమరిదిని కాపాడి, ఇంటికి పోయి ఆ గోడకానుకుని కూర్చుంటాడు. ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా. ఆమె తమ్ముడి వైపు చూసింది. జోజిబాబు తలొంచుకుని ఉన్నాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న అతని చేతివేళ్ళు ట్రంపెట్ మీటలు నొక్కుతున్నట్టు కదులుతున్నాయి. గోడవార కృపానందం ఆమెనే చూస్తూ, చూసీ చూడనట్టు తల ఊపాడు. మంచి పిల్లను మెచ్చుకున్నట్టు.

ఆ తల ఊపడం ఆమె భరించలేకపోయింది.

"కాదమ్మా" అంది. "ఆయనది కాదు. నా తమ్ముడిది. నేనే పంపించాను. ఆయన పంపమనలేదు, వీడు పోతాననలేదు. నేను అడిగాను."

బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు. వెనక కుర్చీ కిర్రుమంది. జోజిబాబు లేచి నిలబడ్డాడు.

"నాదేనండి. కావాలంటే ఇప్పుడు తీసి చూసుకోండి." చొక్కా గుండీల మీద చెయ్యి వేశాడు. "ఇంకా రెండున్నాయండి నావి. వేరే పేర్లతో. ఒకాయన చనిపోయాడు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ రెండింటికీ మిమ్మల్ని పంపిందెవరు?"

జోజిబాబు గోడ వైపు చూశాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తొందరేమీ లేకుండా, కిందికి దిగుతూ వినిపించింది.

ఆ తర్వాత జరిగినవన్నీ కలిసి జరిగాయి. బాలశౌరి జబ్బు గని జబ్బేనని బోర్డు ఒప్పుకుంది. ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. అదే వారంలో జోజిబాబు మీదా అక్కమ్మ మీదా కేసు రాశారు. స్టేషన్లో సంతకాలు పెట్టి, పూచీకత్తు మీద బయటికొచ్చారు. కృపానందం కోసం వెతుకుతున్నామన్నారు. కంపెనీ అతను తమ మనిషే కాదంది. ఇంకెక్కడో సైటులో ఉన్నాడని కొందరు, దుబాయి పోయాడని కొందరు చెప్పుకున్నారు.

బస్సెక్కే వాళ్ళందరికీ మళ్ళీ మెడికల్ చేశారు, ఈసారి బోర్డు డాక్టర్ల ఎదుట. పాత ఫిల్ముల్లో ఇంకా కొన్ని వేరేవాళ్ళవి బయటపడ్డాయి. జోజిబాబువి కానివి కూడా. ఎంతోమంది ఊదలేకపోయారు. ఆ నెల గని బస్సు రాజుపేట సందు ముందునుంచి పోతుంటే కిటికీల్లో సగం తలలు లేవు.

అక్కమ్మను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. కుళాయి దగ్గరికి ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. మేరమ్మ చిల్లర ఆమె చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. మేరమ్మ అల్లుడూ ఊదలేకపోయినవాళ్ళలో ఒకడు. బ్యాండువాళ్ళు జోజిబాబును పిలవడం తగ్గించారు. అతని ఊపిరి అచ్చిరాలేదని ఎవరో అన్నారట.

బాలశౌరి ముక్కు దగ్గర గొట్టంతో, మిషను గుర్రుమంటుంటే, కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. కరెంటు పోయినప్పుడల్లా అక్కమ్మ సిలిండరు తిప్పడానికి పరుగెత్తేది. బోర్డు ముందు జరిగినదాన్ని అతను ఒక్కసారే ఎత్తాడు.

"నాదేనని చెప్పాను గదా" అన్నాడు. "ఎందుకు కాదన్నావు?"

ఆమె అతని కాళ్ళు పిసుకుతూ ఉండిపోయింది.

అంతోనయ్య ఒకరోజు వచ్చాడు. మూడో పేరు అతనిదే. కొత్త ఎక్స్‌రేలో అతని ఛాతీలో మచ్చలు మొదలైనట్టు తేలింది. ఇంకా చిన్నవే, ఇక దుమ్ము జోలికి పోకుండా ఉంటే చాలాకాలం నెట్టుకురావచ్చని డాక్టరమ్మ చెప్పిందట. పరిహారం ఇచ్చేంత జబ్బు మాత్రం కాదన్నారట. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"బావగారికి మిషను వచ్చింది" అన్నాడు. "నాకేమొచ్చిందక్కా?"

"బతుకు వచ్చింది అంతోనీ" అంది అక్కమ్మ.

అతను ఆ మాట విని, లోపల మంచం వైపు ఒకసారి చూసి, నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

మామిడికాయలు దిగే కాలంలో ఆమె మందుల కోసం సెంటరుకు వెళ్ళింది. ఎ.కొండూరు వైపు పోయే షేర్ ఆటో ఒకటి నిండుగా బయల్దేరబోతున్నది. చివర్న, ఒక కాలు బయటికి పెట్టి కూర్చున్నవాడు అంతోనయ్య. తల మీద హెల్మెట్టు. మెడచుట్టూ తువాలు. అతని పక్కన కూర్చున్నవాళ్ళ బూట్ల మీద తెల్లటి పొడి. ఆ తెలుపు అక్కమ్మకు ఎక్కడ చూసినా తెలుస్తుంది.

"ఎక్కడికి?" అంది దగ్గరికి పోయి.

"క్రషర్‌కి." అతను ముఖం తిప్పుకోలేదు. "కంకర మిల్లు. కొత్తది."

"నీకు దుమ్ము పనికిరాదని చెప్పారు గదా. అక్కడ మెడికల్ అడగరా?"

"అడిగినా ఏం కాదులే. కృపానందంగారే చూసుకుంటానన్నారు."

అక్కమ్మ ఆటో కమ్మీ పట్టుకుంది. "దిగు" అంది. "అంతోనీ, నా మాట విను. దిగు."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. లోపలున్నవాళ్ళు ఒకరిద్దరు విసుక్కున్నారు. అంతోనయ్య ఆమె వేళ్ళ మీద చెయ్యి వేశాడు. కోపంగా కాదు, పసిపిల్ల పిడికిలి విప్పినట్టు ఒక్కొక్క వేలే కమ్మీ మీంచి విడదీశాడు.

"మా ఇంటిదానికి చెప్పకక్కా" అన్నాడు. "మామిడితోటలో పనికి పోతున్నాననుకుంటా ఉంది."

ఆటో కదిలింది. మలుపు తిరిగే ముందు అతను తువాలు ముక్కు మీదికి లాక్కోవడం కనిపించింది.

అక్కమ్మ మందుల షాపుకు పోలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, తన సందు దాటి, అంతోనయ్య వాళ్ళ సందులోకి నడిచింది. గుమ్మంలో అతని పెళ్ళాం చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తున్నది. ఎవరో వస్తున్నారని తలెత్తి చూసింది. వచ్చేది అక్కమ్మ అని తెలియగానే బిడ్డను తడితడిగానే గుండెలకు అదుముకుని లోపలికి పోయి, తలుపు మూసింది. గడియ పడిన చప్పుడైంది.

లోపల పిల్ల ఏడుస్తున్నది. అక్కమ్మ కాసేపు ఆ తలుపు వంక చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు సర్దుకుని, తడి ఆరని ఆ మెట్టు మీదే కూర్చుంది.

"నేను పోనమ్మా" అంది తలుపుతో. "నువ్వు తీసేదాకా ఇక్కడే ఉంటాను."